నేడు దగ్గర ఆగే ప్రార్థన

అనగా అనగా, మన గుడికి గోడలు లేని కాలంలో, తాటాకు పాకలోనే దేవుణ్ణి పిలుచుకున్న రోజుల్లో, ఒక వాగు. వాగొడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో అంకాలు అని ఒక ఆడమనిషి.

అంకాలుకి పొలం లేదు, పుట్ర లేదు. కోతలైపోయిన చేలల్లో రాలిపడ్డ కంకులు ఏరుకునేది. దాన్నే పరిగె అంటారు. ఆ పరిగె దంచుకుని తను తినేది, కూతురికి పెట్టేది. కూతురు పాకబడిలో నాలుగు ముక్కలు నేర్చుకుంది. వాగులో మునిగి బాప్తిస్మం తీసుకుంది. రిబ్కమ్మ అని కొత్త పేరు పెట్టుకుంది.

"అమ్మా, నువ్వెప్పుడు మునుగుతావే?" అని అడిగేది.

"ఈ పరిగె అయిపోనీ బిడ్డా" అనేది అంకాలు.

పరిగె అయిపోకముందే జ్వరమొచ్చి రిబ్కమ్మ పోయింది.

వాగు పక్కన ముళ్లకంచె కట్టిన తోటలో పిల్లని పూడ్చారు. ఆ కంచె లోపల చోటు బాప్తిస్మం పొందినవాళ్లకే. అంకాలు కంట ఒక్క చుక్క రాలలేదు. గొంతులో పలుగురాయి అడ్డం పడ్డట్టు ఉండేది. "కన్నకూతురు పోయినా కళ్లు చెమర్చలేదు, ఇదేం మనిషమ్మా!" అన్నారు చూసినవాళ్లు. అంకాలుకి మాత్రం ఒకటే కోరిక. చచ్చాక పిల్ల పక్కన పడుకోవాలి.

గుడీ బడీ చూసుకునే ఉపదేశి జెకరయ్య దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, నాకూ బాప్తిస్మం కావాల."

"తప్పకుండా అక్కా. సంఘం ముందు ప్రభువు ప్రార్థన తడబడకుండా చెప్పు చాలు. అదే మన కట్టుబాటు."

అంకాలు నేర్చుకుంది. చాటలో జొన్నలు చెరుగుతూ నేర్చుకుంది, పిడకలు ఏరుతూ నేర్చుకుంది, పొయ్యి ఊదుతూ నేర్చుకుంది. ఆదివారం పాకలో నిలబడి మొదలుపెట్టింది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని అన్నం అడిగే చోటికి వచ్చింది. నేడు అనే మాట దగ్గర ఆగిపోయింది.

"నేడంటే ఏందయ్యా?"

"ఇయ్యాల అని, అక్కా."

"ఇయ్యాలా? ఇయ్యాల ఇచ్చాడు గదయ్యా! పొద్దున్నే దోసెడు జొన్నలు దొరికినయి. ఇచ్చినాయన్ని మళ్లీ ఎట్టా అడిగేది? ముందు స్తోత్రం చెప్పొద్దా?"

చేతులెత్తి స్తోత్రం చెప్పింది. మొహం వెలిగిపోయింది. కళ్లు తెరిచేసరికి మిగతా ప్రార్థనంతా ఎటో ఎగిరిపోయింది. పాకంతా ఒకటే నవ్వు.

"దేవుడితో లెక్క తేల్చుకుని వచ్చింది, మనమెవరం అడ్డం చెప్పడానికి!" అని ఎగతాళి చేశాడు సంఘపెద్ద మోషయ్య. బాప్తిస్మం ఆగిపోయింది.

ఎండాకాలం వచ్చింది. అంకాలు మళ్లీ నిలబడింది. మళ్లీ నేడు దగ్గర ఆగిపోయింది.

"ఇయ్యాల గుప్పెడు చింతచిగురు దొరికింది. స్తోత్రం" అంది. మళ్లీ మిగతాది పోయింది. మళ్లీ నవ్వారు. ఈసారి కొంచెం తక్కువ నవ్వారు, ఎవరింట్లోనూ తిండి లేదు కాబట్టి.

తరవాత వానలు మొహం చాటేశాయి. చేలు పండలేదు. చేలు పండకపోతే పరిగెక్కడిది? వాగు ఎండిపోయింది. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో ముంచి పిల్లలకి పోసేవాళ్లు.

మూడోసారి అంకాలు నిలబడింది. పుల్లలాగా ఎండిపోయి ఉంది.

"ఈసారి ఆగకక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు జెకరయ్య చిన్నగా.

ఆగదనే అనుకున్నారు అందరూ. ఆగి చెప్పడానికి ఏముంది గనక?

అంకాలు నేడు దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది. వెతుక్కుంది. గింజ లేదు. ఆకు లేదు. పొయ్యిలో నిప్పు లేదు. రిబ్కమ్మ ఎప్పుడూ కూర్చునే చాప కొస మీద చూపు పడింది. అక్కడెవరూ లేరు. గొంతులో రాయి కదిలింది.

"ఇయ్యాల... ఇయ్యాల నాకు ఏడుపొచ్చిందయ్యా. స్తోత్రం."

అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్ల పోయాక అదే మొదటి ఏడుపు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జెకరయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "చాలక్కా, నాకు చాలు. చెలమ నీళ్లు తోడి తొట్టి నింపుతాం. రేపే మునుగుదువు."

"అవి పిల్లలు తాగే నీళ్లయ్యా. నన్ను ముంచి పారబోస్తారా? వాగు రానీ."

వాగు రాలేదు. రోజూ పొద్దువాలే వేళకి అంకాలు కంచె పక్కన కూర్చుని, లోపలున్న కూతురికి ఆరోజు సంగతి చెప్పుకునేది. "ఇయ్యాల చెలమలో నీళ్లు తేటగా ఉన్నయి బిడ్డా. స్తోత్రం." "ఇయ్యాల కాళ్లు నన్ను ఇక్కడిదాకా మోసినయి. స్తోత్రం." ఒకరోజు ఏ మాటా వినపడలేదు. వెళ్లి చూస్తే కంచెకి చెయ్యి ఆనించి పోయి ఉంది.

"లోపల పెడదాం" అన్నాడు జెకరయ్య.

"మునగలేదుగా" అన్నాడు మోషయ్య. "మునిగితేనే బాప్తిస్మం. కట్టుబాటు కట్టుబాటే."

జెకరయ్య తల దించుకున్నాడు. కంచె బయట పూడ్చారు. తల్లికీ బిడ్డకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. నడుమ ముళ్లు.

అప్పుడొచ్చింది వాన. వాగు గట్టు తెంచుకుని తోటలోకి పారింది. వాగు తీశాక అందరూ వెళ్లి చూశారు. కంచె లేదు. ముళ్లకంపా గుంజలూ కొట్టుకుపోయాయి. రెండు సమాధుల మీదా ఒకే ఒండ్రు, ఒకే తడి.

"గుంజలు తెండిరా, మళ్లీ పాతుదాం" అన్నాడు మోషయ్య.

"ఆగన్నా" అన్నాడు జెకరయ్య. "మునగలేదన్నావు. మునిగింది గదా. వాగు రానీ అంది, వచ్చింది."

మోషయ్య ఆ ఒండ్రు వంక చూశాడు. చేతిలో పలుగు కింద పెట్టాడు.

జెకరయ్య ప్రార్థన ఎత్తుకున్నాడు. ఊళ్లో అందరికీ నేర్పినవాడు, నేడు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

ఆ తోటకి ఈనాటికీ కంచె లేదు. ఆ పల్లె గుడిలో ప్రార్థన ఈనాటికీ నేడు దగ్గర ఆగుతుంది. ఎవరికి ఆరోజు ఏం దొరికిందో మెల్లగా చెప్పుకుంటారు. కూర మాడలేదని కొత్త కోడలు, దగ్గు తగ్గిందని ముసలాయన. కొత్తగా వచ్చిన పాస్టరుగారు తెలియక ముందుకి పోతే, "అయ్యగారూ, అంకాలమ్మ ఇంకా నిలబడే ఉంది" అంటారు పిల్లలు.

చావు జరిగిన ఇంటివాళ్లు ఉంటే, ఆ ఆదివారం ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. వాళ్లకి ఏదో ఒకటి దొరికేదాకా, ఏడుపైనా సరే దొరికేదాకా, సంఘమంతా తలలు వంచుకుని అక్కడే ఉంటుంది.