చెవికి తగిలించుకున్న మూట

బిల్లుడుకోన అడవిలో ఎలుగుబంట్లు, ఉడుములు, ఏదుపందులు, అలుగులు ఉండేవి. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, ముందుకాళ్లకు గునపాల్లాంటి గోళ్లు. వాటిలో పొలుసయ్య అనే అలుగుకు ప్రతిదాని మీదా అనుమానమే. కొత్త చీమలపుట్ట కనబడితే చుట్టూ మూడుసార్లు తిరిగి, వాసన చూసి గానీ నోరు పెట్టేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే కొండమీంచి ఒక బండరాయి దొర్లింది. దొర్లి దొర్లి, సూదమ్మ అనే ఏదుపంది బొరియకు అడ్డంగా పడింది. సూదమ్మ బయట ఉంది. పిల్లలిద్దరూ లోపల ఉన్నారు.

"అమ్మా!" అని లోపలినుంచి సన్నగా వినిపిస్తోంది. పైన చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. వాన పడితే కొండనీళ్లన్నీ నేరుగా ఆ బొరియలోకే వస్తాయి.

"పక్కనుంచి తవ్వుదాం" అన్నాడు పొలుసయ్య. అడవికి పెద్దదిక్కైన ఎలుగుబంటి బొద్దప్ప సరేనన్నాడు. ఇద్దరూ తవ్వడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు ఒక తెల్లకుందేలు. కుందేలంటే మామూలు కుందేలు కాదు, దుప్పి అంత ఉన్నాడు! రెండు చేతులా ఒక మూటను ఈడ్చుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"ఆపండి ఆపండి! తవ్వడమేమిటి, బలంలేనివాళ్లలా?" అన్నాడు. "నా పేరు వెన్నెలదొర. నాది చందమామ. నిన్న అక్కడ కాస్త గట్టిగా ఎగిరాను, ఇటు జారిపడ్డాను. ఇలాంటి రాళ్లను అక్కడ నేను ఆడుకుంటూ ఎత్తేవాణ్ణి."

బొద్దప్ప నోరు తెరుచుకుని వింటున్నాడు. పొలుసయ్య మాత్రం మూట చుట్టూ తిరిగి వాసన చూశాడు.

"ఇందులో ఏముంది?"

"మా చందమామ రాళ్లు. అక్కడ ఈ మూటను ఒంటి చెవికి తగిలించుకుని ఊరంతా తిరిగేవాణ్ణి."

"మరి ఇక్కడ ఈడుస్తున్నావేం?"

"అదీ... దారి అలసట" అన్నాడు వెన్నెలదొర.

ఏం పిల్లలూ, మీకు అనుమానం రాలేదూ? నాకైతే వచ్చింది. కానీ బొద్దప్పకు రాలేదు.

"చాల్లే పొలుసయ్యా! సాయానికొచ్చినవాణ్ణి దొంగను పట్టుకున్నట్టు నిలదీస్తావా?" అని తవ్వడం ఆపేశాడు. పాపం సూదమ్మ చేతులు జోడించింది. "దొరా, నీకు పుణ్యముంటుంది. నా పిల్లల్ని బయటికి తియ్యి నాయనా!"

పొలుసయ్య మాత్రం తవ్వడం ఆపలేదు. బొరియ వెనకవైపుకు వెళ్లి ఒక్కడే తవ్వుకుంటూ కూర్చున్నాడు.

వెన్నెలదొర చేతులు దులుపుకుని రాయిని పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఎత్తాడు. రాయి కదల్లేదు. "పట్టు జారింది" అన్నాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి రాయి కొంచెం ఒరిగి, తిరిగి దభీమని పడింది. పడటం పడటం అతని కాలి మీదే పడింది.

"చచ్చాన్రో!" అని వెన్నెలదొర కేకపెట్టాడు. ఆ అదురుకు బొద్దప్ప తవ్విన గుంత కాస్తా పూడిపోయింది. లోపలినుంచి పిల్లల గొంతు ఆగిపోయింది. టపటపా చినుకులు మొదలయ్యాయి.

సూదమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, ఎంత పని చేశాను!" అంటూ బొద్దప్ప వెనకవైపుకు పరుగెత్తాడు. పొలుసయ్య అప్పటికే మెడదాకా మట్టిలో ఉన్నాడు. అతను తవ్వుతుంటే బొద్దప్ప మట్టి లాగి పారేశాడు. చివరికి పొలుసయ్య గోళ్లకు మెత్తగా ఏదో తగిలింది. పిల్లలిద్దరూ బురద ఓడుతూ, దగ్గుతూ బయటికొచ్చారు. అంతలోనే వాన దంచికొట్టింది. బొరియ నిండిపోయింది.

ఆ తర్వాత వెన్నెలదొర కాలి కింద తవ్వి, అతన్నీ బయటికి లాగారు.

"అబద్ధాలకోరు! నా పిల్లల ప్రాణాల మీదికి తెచ్చావు కదరా!" అని సూదమ్మ ముళ్లు నిక్కబొడుచుకుని మీదికి వెళ్లింది.

"ఒట్టు తల్లీ, నేను చెప్పింది నిజం" అని అతను ఏడ్చాడు.

పొలుసయ్య అడ్డం వచ్చాడు. "నిజమే సూదమ్మా. మూట అదే. చెవీ అదే. మరి బరువెక్కడినుంచి వచ్చింది? నాకు ఈ నేల మీదే అనుమానం."

ఆ అనుమానం సరైనదే పిల్లలూ. చందమామ తన మీదున్న వస్తువులను మెల్లగా లాగుతుంది. మన భూమి దానికి ఆరింతలు గట్టిగా లాగుతుంది. అక్కడ తేలిగ్గా లేచిన రాయి ఇక్కడ లేవదు.

"చూడు వెన్నెలదొరా" అన్నాడు పొలుసయ్య. "అబద్ధమైతే నేను వాసనతోనే పట్టేసేవాణ్ణి. ఆ మూటను ఈడుస్తున్నప్పుడే నీమీద నీకు అనుమానం రావాల్సింది."

వెన్నెలదొరకు ఇంకా నమ్మకం కుదరలేదు. కుంటుకుంటూ వెళ్లి మూటను చెవికి తగిలించుకున్నాడు. చెవి చటుక్కున వాలిపోయింది. ఆ చెవి మళ్లీ నిలబడలేదు. అప్పటినుంచి అతను మాత్రం ఏ రాయి మీద చెయ్యి వేసినా, ముందు ఒక్కసారి కదిపి చూసేవాడు.

నీతి: ఒకచోట ఉన్న బలం ఇంకోచోట ఉండకపోవచ్చు, కొత్తచోట పదిమందికీ మాట ఇచ్చేముందు మన బలాన్ని మనమే పరీక్షించుకోవాలి.