గ్యాసు తొట్టి దగ్గర వినయం

"గురువుగారూ, పెద్దవాళ్ల మాటకు ఎదురాడకపోవడమే కదా వినయమంటే?" అన్నాడు ఆదిశేషు. అడిగినట్టే ఉంది గానీ, నిజానికి మెచ్చుకోమని ముందుకొచ్చి కూర్చున్నాడు. సబ్‌స్టేషన్లో పనిచేసే ఈ ఆదిశేషు మా ఆశ్రమానికి వచ్చిన ఆరేళ్లలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పై అధికారి తప్పుడు ఫ్యూజు వెయ్యమన్నా 'చిత్తం' అని వేసే రకం. ఆ సంగతి తనే గొప్పగా చెప్పుకుంటాడు.

మా గురువు చిదంబరప్పగారికి ఒక అలవాటుంది. ప్రశ్న నచ్చితే నవ్వుతారు. నచ్చకపోతే ఒక తత్వం పాడి పంపేస్తారు. ఆ రోజు రెండూ చెయ్యలేదు. ఒక సంగతి చెప్పారు. పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గరున్న నాకు కూడా అంతవరకూ తెలియని సంగతి అది.

కాషాయం కట్టకముందు ఆయన ఒక చిన్న మున్సిపాలిటీ మురుగునీటి ప్లాంటులో ఆపరేటరు. చేరినప్పుడు ఇరవై మూడేళ్లు. ఊరి మురుగంతా అక్కడికి చేరి, తేరిన నీళ్లు కాలవలోకి పోతే, అడుగున చిక్కటి బురద మిగిలేది. దాన్ని మూత బిగించిన పెద్ద సిమెంటు తొట్టిలోకి తోడేవారు. లోపల అది పులిసి గ్యాసు పుట్టేది. ఆ గ్యాసుతో ఇంజను నడిచేది, ఇంజనుతో ప్లాంటు మోటార్లు తిరిగేవి. ఊరు ముక్కు మూసుకుని వదిలేసినదాంతోనే ఊరి నీళ్లు బాగుపడేవన్నమాట. ఆ ఇంజనంటే ఈయనకు ప్రాణం.

ఏడెనిమిదేళ్లకు తొట్టి అడుగున ఇసుకా గుడ్డపేలికలూ పేరుకుపోయి గ్యాసు తగ్గింది. బురద తోడేసి, మనుషులు దిగి పూడిక తియ్యాలి. ఆ రొచ్చులోకి ఎవరు దిగుతారు? ఆఖరికి బావుల పూడిక తీసే పల్లపు యల్లమందను పిలిపించారు. అరవై దాటిన మనిషి. ఎన్ని బావుల్లో పని చేయించినా ఒక్క ప్రాణాన్నీ పోగొట్టుకోలేదని చుట్టుపక్కల పేరు. దానికి కారణం ఆయన పద్ధతి. పాడుబడ్డ బావిలోకి మనిషిని దించేముందు తాడుకు లాంతరు కట్టి వదిలేవాడు. దీపం ఆరిపోతే లోపల గాలి చెడ్డదని గుర్తు. అప్పుడు వేపమండలు కట్టి ఊపి, నీళ్లు చిలకరించి, మళ్లీ లాంతరు దించేవాడు. దీపం నిలబడితేనే మనిషి దిగాలి. ఆ తాడు ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

బావికి అది సరే. బురద తోడేశాక కూడా తొట్టి అడుగున మిగిలిన పూడిక గ్యాసు వదులుతూనే ఉంటుంది. అక్కడ దీపం పెడితే ఆరేది కాదు, అంటుకునేది. ఇంజను బిగించడానికి వచ్చిన ఫిట్టరు ఈ మాట చిదంబరప్పగారికి ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్లాడు. మూత తీశాక ఫ్యాన్లు పెట్టి మూడు రోజులు గాలి కొట్టాలి, ఆ చుట్టుపక్కల బీడీ కూడా వెలగకూడదు అని. తక్కిన ఆపరేటర్లు తర్వాత చేరినవాళ్లు. ఇన్‌ఛార్జి జిల్లా ఆఫీసుకు పోయి ఉన్నాడు. తెలిసినవారు ఆ ఆవరణలో ఈయనొక్కరే.

మూత తీసిన సాయంత్రం యల్లమంద సామాను దించుతుంటే అందులో లాంతరు కనబడింది. చిదంబరప్పగారు అతని దగ్గరికి వెళ్లి, "పెద్దాయనా, ఇక్కడ దీపం పెట్టకూడదంట, మంట లేస్తుందంట" అన్నారు.

"ఎవరు చెప్పారయ్యా?"

"ఇంజను ఫిట్టరు."

"ఆయన ఎన్ని బావులు దిగాడు?" అన్నాడు యల్లమంద. కోపంగా కూడా కాదు, వెంట వచ్చిన ఇద్దరు పనివాళ్లను చూపిస్తూ. "వీడు నా అల్లుడు, వాడు నా తమ్ముడి కొడుకు. దీపం చూడకుండా వీళ్లను దించమంటావా?"

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని ఒక ఆపరేటరు అంటే అందరూ నవ్వారు. ఈయన మొహం మాడిపోయింది. "మీ ఇష్టం పెద్దాయనా" అని తల వంచుకుని వచ్చేశారు.

వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది. గురువైతే మాత్రం? లాంతరు దాచెయ్యొచ్చు. ఇన్‌ఛార్జికి ఫోను చెయ్యొచ్చు. ఏదీ కుదరకపోతే తొట్టికి అడ్డంగా పడుకోవచ్చు. ఆయన ఏదీ చెయ్యలేదు. పొద్దున్నే మళ్లీ చెబుదామనుకున్నారట. తీరా పొద్దున అందరి ముందూ మళ్లీ నవ్వులపాలు కావడమెందుకని ఇంజను గదిలోనే ఉండిపోయారు.

యల్లమంద తొట్టి అంచున వంగి కూర్చున్నాడు. తను తాడు పట్టినప్పుడు అంచు మీద రెండో మనిషి ఉండకూడదని నియమం. అందుకని అల్లుణ్ణీ, తమ్ముడి కొడుకునూ గేటు దాకా తరిమాడు. వాళ్లిద్దరూ బతికింది అందుకే. లాంతరు బారెడు దిగిందో లేదో, తొట్టిలోంచి మంట లేచింది. ఇంజను గది అద్దాలు పగిలిపోయాయి. చిదంబరప్పగారు పరుగెత్తుకుని వెళ్లేసరికి యల్లమంద దూరంగా విసిరేసినట్టు పడి ఉన్నాడు, ఒళ్లంతా కాలిపోయి. ఆసుపత్రికి చేరేదాకా "పిల్లలేరీ" అని అడుగుతూనే ఉన్నాడు. పొద్దుగూకేలోపు పోయాడు.

గురువుగారు ఆగారు. ఆదిశేషు, "మీరొకసారి చెప్పారు కదండీ. ఆయన వినకపోతే మీ తప్పేముంది?" అన్నాడు. గురువుగారి కోసం అన్న మాటలా లేదు అది.

"పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను" అన్నారు గురువుగారు. "తిట్లు తినాలనే వెళ్లాను. ప్లాంటులో ఆ రోజు దీపం వద్దన్నది నేనేనని చెప్పగానే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. 'నువ్వేనా నాయనా. ముందు రోజు అన్నం తింటా నీ మాటే చెప్పాడు. ఆ ప్లాంటులో మర్యాద తెలిసినోడు ఒక్కడే ఉన్నాడే, నేనొక మాటంటే మళ్లా నోరెత్తలేదు అన్నాడు' అని ఏడ్చింది."

ముందుకొచ్చి కూర్చున్న ఆదిశేషు కాస్త వెనక్కి జరిగాడు.

"నా వినయాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే, ఆదిశేషూ" అన్నారు గురువుగారు.