మసేనమ్మ బండ

అది బహుధాన్య నామ సంవత్సరం, మార్గశిర మాసం. మంచు మోకాలి ఎత్తున పాకే రోజులు. ఏ చుట్టు బహుధాన్య అని మాత్రం అడక్కండి. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరది. తాతలకి వాళ్ళ తాతలు చెప్పిన మాట. మీరు ఊఁ కొట్టండి, చాలు.

సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో మసేనమ్మ అనే జాలరి మనిషి. మొగుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, పైడమ్మ. సంతరోజు పొద్దున్నే మసేనమ్మ మూడు పనులు చేసేది. కూతురికి బిగించి జడ వేసేది. ఎండుచేపలు బుట్టలో సర్దేది. గుడ్డ చుట్టి తలమీద కుదురు పెట్టుకుని, "ఎత్తండే!" అని కేకేసేది. ఇరుగుపొరుగు వచ్చి బుట్ట ఎత్తి తలమీద పెట్టేవారు. నిండు బుట్టని ఎంత బలమున్న ఆడదైనా ఒంటరిగా నెత్తికెత్తుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

పల్లెకీ సంతకీ మధ్య ఒక గెడ్డ ఉంది. మోకాటిలోతు వాగు. ఆ ఏడు గెడ్డకాడ ముగ్గురు దొంగలు చేరారు.

"దించవే బుట్ట" అన్నాడు ఒకడు.

"దించితే మళ్ళీ ఎత్తేదెవులు బాబూ?" అంది మసేనమ్మ.

వాళ్ళు పగలబడి నవ్వారు. కర్రతో ఒక్కటేశారు. బుట్ట నీళ్ళలో పడింది. మంచి చేపలు ఏరుకున్నారు, చెయ్యి మెలిపెట్టి డబ్బు లాక్కున్నారు, పోయారు. మసేనమ్మ మిగిలిన చేపలు ఏరి బుట్టలో వేసుకుంది. ఎత్తేవాళ్ళు లేరు. పొద్దు వాలేదాకా ఆ బుట్ట పక్కనే కూర్చుంది.

మిగతా ఆడవాళ్ళు ఆ దారి మానేశారు. మసేనమ్మ మానితే పొయ్యి వెలగదు. దొంగల కంటపడని పొద్దు చూసి గెడ్డ దాటేది. ఆమె ఏడ్చింది మాత్రం చేపల కోసం కాదు. ఉగాది దాటితే పైడమ్మ తలమీద బుట్ట పడుతుంది. ఆ పిల్ల నడవాల్సింది కూడా ఆ దారే.

సంత ఊరి చివర ఒక గరిడీ ఉండేది. కుర్రాళ్ళు అక్కడ కర్రసాము నేర్చుకునేవారు. గురువు గవరయ్య. ముసలివాడు, మొండివాడు. ఆయన దగ్గర బొమ్మలు గీసిన తాటాకుల సాము పుస్తకం ఉంది. ఒక ఆకు చదవడం, అందులో ఉన్న అడుగు వేయించడం, అదీ ఆయన చదువు చెప్పే తీరు.

సంత ముగిశాక మసేనమ్మ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకునే గరిడీ ముందు నిలబడింది.

"నాకూ సాము నేర్పు గురువా."

కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. "నీకు కర్రెందుకప్పా? సేపముల్లుతో పొడు, సాలు!"

"నీ గొంతులో దిగితే తెలుస్తాది ముల్లంటే ఏటో" అంది మసేనమ్మ.

గవరయ్యకి నవ్వొచ్చింది. "సరే, దించు బుట్ట."

"దించితే మళ్ళీ ఎత్తేదెవులు?"

"ఖాళీ బుట్టే కదే!"

"గెడ్డకాడ నిండుది కదా గురువా."

"పుస్తకంలో మొదటి మాటే అది. బరువు దించు, నడుం బిగించు, కర్ర పట్టు."

"ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా బుట్ట మోసినాడేటి?"

గవరయ్యకి కోపమొచ్చింది. పొమ్మన్నాడు. రెండో సంతకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పొమ్మన్నాడు. మూడో సంతకి వచ్చేసరికి గవరయ్య అరుగు మీద మెడ పట్టుకుని కూర్చునున్నాడు. జుట్టు నిండా ఇసుక, చెవుల నిండా ఇసుక.

"ఏటైంది గురువా?"

"ఇసకబుట్ట ఎత్తుకుని అడుగేశానే. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ పడింది. నువ్వెలా మోస్తావే తల్లీ?"

"మెడ కదపను. కాళ్ళే కదుపుతాను."

"అయితే కాళ్ళకే నేర్పుతాను, రా."

ఎడమచెయ్యి బుట్ట అంచుకి. కుడిచెయ్యి కర్రకి. మూర పొడవు కర్ర. గురువు మూడే మాటలు చెప్పాడు. చూడు. తప్పుకో. ఆ తరవాతే కొట్టు. "వాణ్ణి పడగొడితే గెలుపు కాదే. బుట్టతో సంతకి చేరితే గెలుపు" అన్నాడు.

ఇంటి దగ్గర పైడమ్మే దొంగ. చీపురు తిరగేసి పట్టుకుని తల్లి మీదకి దూకేది.

"గట్టిగా కొట్టవే. నిజం దొంగలా కొట్టు."

"నవ్వొస్తందే అమ్మా!"

"దొంగలు నవ్వరే గుంటా."

"గెడ్డకాడోళ్ళు నవ్వినారన్నావు కదే!"

తల్లీ కూతుళ్ళు నవ్వీ నవ్వీ చతికిలబడేవారు. తల్లి నెత్తిమీది బుట్ట మాత్రం కదిలేది కాదు.

గవరయ్య పుస్తకంలో ఉన్న బొమ్మలన్నీ నెత్తిన ఏ బరువూ లేని మగాళ్ళవే. ఆ ఏడు ఆయన గంటం పట్టి ఒక కొత్త ఆకు చేర్చాడు. దాని మీద బుట్ట మోసే ఆడమనిషి.

బహుధాన్య వెళ్ళింది. ప్రమాది వచ్చింది. పైడమ్మ తలమీద తొలి బుట్ట పడింది, చిన్నది. మసేనమ్మ ఆ పొద్దు జడ ఇంకాస్త బిగించి వేసింది. ఇద్దరూ గెడ్డ దగ్గరికి వచ్చారు. ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"దించవే బుట్ట."

"దించితే మళ్ళీ ఎత్తేదెవులు బాబూ?"

మొదటివాడు బుట్ట మీద చెయ్యేశాడు. మసేనమ్మ చూసింది, తప్పుకుంది. వాడు నీళ్ళలో బోర్లా పడ్డాడు. రెండోవాడు కర్ర ఎత్తాడు. వాడి మణికట్టు మీద పడింది దెబ్బ. కర్ర ఒకవైపు, వాడొకవైపు. మూడోవాడు ఆమె జోలికి రాలేదు. పిల్ల మీదకి దుడ్డుకర్ర ఎత్తాడు.

తప్పుకుంటే పిల్లకి తగులుతుంది. మసేనమ్మ తప్పుకోలేదు. బుట్ట పట్టిన ఎడమచేతిని వదిలి, ఆ దెబ్బకి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు పైడమ్మకి వినబడింది. మసేనమ్మ మెడ కదల్లేదు. బుట్ట పడలేదు. కుడిచేతి కర్ర వాడి మోకాలిచిప్ప మీద పడింది. వాడు కుంటుతూ పరిగెత్తాడు. మిగతా ఇద్దరూ వాడికంటే ముందే పరిగెత్తారు. ఆ గెడ్డకి మళ్ళీ రాలేదు.

"దించవే అమ్మా. సెయ్యి యేలాడిపోతంది. దించవే" అని ఏడ్చింది పైడమ్మ.

"దించితే మళ్ళీ ఎత్తేదెవులే?"

"నానున్నాను కదే!"

తల్లి భుజం దాటని పిల్ల అది. చుట్టూ చూసింది. ఒడ్డున తల ఎత్తు బండ ఒకటి ఉంది. "ఇలాగొచ్చి దానికి ఆనుకోయే" అంది. తన చిన్న బుట్ట కింద పెట్టి, బండెక్కి, తల్లి తలమీది బుట్టని బండ మీదకి లాగింది. కుదురు గుడ్డ విప్పి తల్లి చెయ్యి మెడకి కట్టింది. కాసేపాగి, కుదురుగా తన ఓణీ చుట్టి పెట్టి, బుట్టని మళ్ళీ తల్లి తలమీదకి నెట్టింది. ఇద్దరూ సంతకి చేరారు. చేపలమ్మారు.

మసేనమ్మ చాలా ఏళ్ళు బతికింది. గరిడీలో ఆడపిల్లలకి మూడు మాటలూ నేర్పింది. ఆమె పోయాక పల్లెవాళ్ళు సంతదారి పొడుగునా తల ఎత్తు బండలు నిలిపారు. వాటిని మసేనమ్మ బండలంటారు. ఒంటరిగా వచ్చే ఆడమనిషి అక్కడ బుట్ట దింపుకుని ఊపిరి తీసుకుంటుంది, తనే మళ్ళీ తలకెత్తుకుంటుంది. తొలి బుట్ట మోసే పిల్ల ఆ బండ ముందు మూడు సాము అడుగులు వేసి చూపించాలి. ఆ దారిన పోయేవాడు ఎంత గొప్పవాడైనా, బుట్టతో ఉన్న మనిషి కనబడితే ఆగి, "దించమ్మా, ఎత్తడానికి నానున్నాను" అంటాడు. అనకుండా పోతే ఆ రోజు వాడికి సంతలో ఎవరూ బేరం ఇవ్వరు.

మసేనమ్మ ఎడమచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. ఆ రోజు తరవాత ఆమె కూతురికి జడ వెయ్యలేదు.