బతికున్నావా అని అడిగిన కొండముచ్చు

ఎర్రగుట్టల అడవిలో ఏనుగులు, జింకలు, ఎలుగుబంట్లు, లెక్కపెట్టబోతే పారిపోయే ఉడుతలు ఉండేవి. వాటన్నిటికీ రాజు కేసరయ్య అనే సింహం. ఒక వేసవిలో వాగులన్నీ ఎండిపోయి, ఒకే ఒక్క మడుగులో నీళ్లు మిగిలాయి.

అందరూ ఒకేసారి దిగితే తొక్కిసలాటే. అందుకని కేసరయ్య ఒక వెబ్‌సైట్ పెట్టించాడు. దాని పేరు 'గుక్కెడు'. ఫోనులో గుక్కెడు తెరిచి మీట నొక్కితే అర్జీ వెళ్తుంది, వంతు చీటీ వస్తుంది. చీటీ చూపిస్తే కాపలా ఏనుగు మడుగులోకి దారి ఇస్తుంది. చీటీ లేకపోతే రాజుగారి మేనత్త అయినా సరే, గట్టునే నిలబడాలి.

ఈ గుక్కెడు నడిచేది ఒక కొండ గుహలో. అక్కడ పది డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో ఉడుత. వచ్చిన అర్జీ చదివి, మడుగు పుస్తకం తిరగేసి, చీటీ రాసి పంపడం ఉడుత పని. ఏ అర్జీ ఏ డబ్బాకి వెళ్లాలో చెప్పడం, ఒక ఉడుత పడిపోతే ఇంకో ఉడుతని కూర్చోబెట్టడం తోకేశ్వరుడు అనే కొండముచ్చు పని. ఆయనగారికి ఒక నమ్మకం ఉంది. తన తోక కన్నా పొడుగైనది అడవిలో తన తెలివి ఒక్కటేనని.

మొదటి వారం బాగానే నడిచింది. ఆ తర్వాత ఫోనుల్లో చక్రం తిరగడం మొదలైంది. పొద్దున మీట నొక్కితే మధ్యాహ్నానికీ చక్రమే. మడుగులో నీళ్లు మడుగులోనే ఉన్నాయి, తాగేవాళ్లు గట్టునే ఉన్నారు.

చుక్కమ్మ అనే జింకకి ఒక పిల్ల ఉంది. దాహంతో దాని నాలుక పిడచగట్టుకుపోయింది. "అమ్మా, ఈ చక్రం ఎప్పుడాగుతుందే?" అని అడిగింది.

"ఇదిగో, ఆగిపోతుంది తల్లీ" అంది చుక్కమ్మ. ఆ మాట చెప్పడం ఏడోసారి, పాపం.

కేసరయ్య తోకేశ్వరుణ్ణి పిలిపించాడు. "ఏమయ్యా, ఏమిటీ ఆలస్యం?"

"ఉడుతలు చాలడం లేదు ప్రభూ!"

ఇంకో పది ఉడుతల్ని పెట్టారు. ఇంకా ఆలస్యమైంది. డబ్బాలు పాతబడ్డాయన్నాడు. కొత్త డబ్బాలు తెచ్చి రంగులు వేశారు. ఏనుగులు పాదంతో నాలుగు మీటలు ఒకేసారి నొక్కుతున్నాయన్నాడు. ఏనుగులు చిన్నబుచ్చుకుని తొండం కొసతో నొక్కడం నేర్చుకున్నాయి. చక్రం మాత్రం ఆగలేదు.

చివరికి నలభై ఉడుతలయ్యాయి. గుహ మాత్రం అదే, వేరుశనగల బస్తా కూడా అదే. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, నాలుగు గింజలు తినే ఉడుతకి ఒక్క గింజ దక్కింది. అయినా తోకేశ్వరుడు రోజూ ఛాతీ విరుచుకుని, "ఈ రోజు మూడు వందల చచ్చిన ఉడుతల్ని తీసేసి కొత్తవాటిని పెట్టాను ప్రభూ!" అని చెప్పేవాడు. మన అడవిలో అన్ని ఉడుతలెక్కడివి అని రాజుగారికి తోచనే లేదు.

ఒకరోజు చుక్కమ్మ పిల్ల లేవలేక కూలబడిపోయింది. చుక్కమ్మ ఏడుస్తూ కాపలా ఏనుగు కాళ్ల మీద పడింది. ఏనుగూ ఏడ్చింది. ఏడుస్తూనే, "చీటీ ఏదమ్మా?" అంది.

అక్కడ పొలుసమ్మ అనే, ఒళ్లంతా పొలుసులున్న ముసలి అలుగు ఉంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే బంతిలా చుట్టుకుపోవడం దాని అలవాటు. ఆ రోజు మాత్రం చుట్టుకోలేదు.

"చుక్కమ్మా, నీ పిల్ల పేర మీట నొక్కు. ఆ ఒక్క అర్జీ వెంట నేను నడిచి వెళ్తాను. ఎక్కడ ఆగుతుందో చూసి వస్తాను" అంది.

"తాతకు దగ్గులు నేర్పకు పొలుసమ్మా!" అని నవ్వాడు, రాజుగారికి లెక్క చెప్పి గుహకి తిరిగి వెళ్తున్న తోకేశ్వరుడు. "నువ్వు నడిచేలోగా వానాకాలం వస్తుంది."

అర్జీ రెప్పపాటులో గుహ చేరింది. దారిలో తప్పు లేదు. పొలుసమ్మ రొప్పుతూ గుహలో దూరి, ఆ అర్జీ పడిన డబ్బాలోకి తొంగి చూసింది.

ఉడుత అర్జీ చదివింది. పుస్తకం తెరిచింది. కలం నోట కరుచుకుని పేజీ తిప్పుతోంది. ఇంతలో బయట డప్పు మోగింది.

"బతికున్నావా?" అని అరిచాడు తోకేశ్వరుడు.

నోట్లో కలం. ఉడుత జవాబు చెప్పలేదు. "చచ్చింది!" అని తోకేశ్వరుడు దాన్ని తోక పట్టి బయటికి లాగేశాడు. కొత్త ఉడుత లోపలికి వచ్చి తలపాగా చుట్టుకుంటోంది. చుట్టు పూర్తి కాకముందే, "బతికున్నావా?" దాని కళ్లకి పాగా అడ్డం. అదీ చచ్చింది. చచ్చిన రెండూ గుమ్మం బయట వరసలో నిలబడ్డాయి, మళ్లీ కొత్త ఉడుతలుగా లోపలికి వెళ్లడానికి.

"ఈ డప్పు ఎప్పటి నుంచి నాయనా?" అని అడిగింది పొలుసమ్మ.

"మొదటి వారం నేను ఒక్కసారి కునుకు తీశానమ్మా. రాజుగారు తోకేశ్వరుణ్ణి కోప్పడ్డారు. అప్పటి నుంచి ఊపిరికొకసారి అడుగుతున్నాడు" అంది మొదటి ఉడుత. "తిండి చాలక మా చేతులు ఆడవు. చెయ్యి ఆడక జవాబు ఆలస్యం. ఆలస్యమైతే చావు. అర్జీ మళ్లీ మొదటికి."

పొలుసమ్మ కేసరయ్యని గుహకి పిలుచుకొచ్చి, జరుగుతున్నదంతా చూపించింది. ఉడుతల్ని అడిగి నలభై గింజలు పోగుచేసి తోకేశ్వరుడి చేతిలో పెట్టింది. "అలసిపోయావు బాబూ, ముందు తిను."

తోకేశ్వరుడు గింజలన్నీ ఒకేసారి నోట్లో కుక్కుకున్నాడు.

"ప్రభూ, ఇప్పుడు అడగండి" అంది పొలుసమ్మ.

"తోకేశ్వరా, బతికున్నావా?" అని గర్జించాడు కేసరయ్య.

"మ్... మ్మ్..."

"జవాబు లేదు" అంది పొలుసమ్మ. "చచ్చాడు ప్రభూ."

చచ్చినవాణ్ణి ఏం చేయాలో ఉడుతలకి ఒకరు చెప్పాలా? నలభై ఉడుతలూ కలిసి తోక పట్టుకుని బరబరా బయటికి లాగేశాయి. కేసరయ్య నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత గట్టు మీది పిల్ల గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

పొలుసమ్మ ముప్పై ఉడుతల్ని ఇళ్లకి పంపింది. మిగిలిన పదింటికీ తలా నాలుగు గింజలు పెట్టింది. పాగా చుట్టుకునేదాకా కొత్త ఉడుతని అడగొద్దంది. అడిగితే చీటీ చీటీకి మధ్య అడగాలంది. మూడుసార్లు పలక్కపోతేనే లేపి చూడాలంది. తోకేశ్వరుడికి వేరుశనగలు వలిచే పని దక్కింది. నోట్లో ఒక్క గింజ వేసుకుంటే చాలు, ఉడుతలన్నీ "బతికున్నావా?" అని అరిచేవి.

చుక్కమ్మ ఫోనులో చక్రం ఆగింది. చీటీ వచ్చింది. ఏనుగు దాన్ని చదవను కూడా చదవకుండా పిల్లని తొండంతో ఎత్తి నీళ్ల అంచున దింపింది.

పిల్ల మూతి ముంచి తాగసాగింది. "ఎలా ఉంది తల్లీ?" అని అడిగింది చుక్కమ్మ. నోటి నిండా నీళ్లు. పిల్ల పలకలేదు. చుక్కమ్మ మళ్లీ అడగలేదు.

నీతి: పలకనివాడల్లా పని చేయనివాడు కాదు, చిక్కు ఎక్కడుందో వెంట నడిచి చూడనివాడు ఎంతమందిని పెట్టినా చిక్కునే పెంచుతాడు.