మూడు పదవుల లింగమూర్తి

హనుమకొండలో పది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటు అది. దాని సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అన్నీ లింగమూర్తే. మొదట్లో ఆయన కార్యదర్శి మాత్రమే. అధ్యక్షుడు ఫ్లాటు అమ్ముకుని వెళ్ళిపోయాడు. కోశాధికారి తనకు తీరిక లేదన్నాడు. మిగిలినవాళ్ళు, "మీరున్నరు గద సార్" అన్నారు. ఆయన కాదనలేదు. ఆ మాట ఆయన చెవికి ఇంపుగానే ఉండేది.

ఒకరోజు ఆయన చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల మూడో అంతస్తులో ఉండే స్రవంతి ఒక్కతే ఉంది. ఆమెకు ఆయాసం జబ్బు. లిఫ్టు గది తాళంచెవేమో లింగమూర్తి జేబులో ఉంది. ఆయన పెళ్ళి పందిట్లోంచి లేచి వచ్చేదాకా ఆ అమ్మాయి చీకట్లో ఊపిరాడక కూర్చుంది. తలుపు తెరుచుకున్నాక ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. అనవలసినవన్నీ ఆమె భర్త అన్నాడు.

మర్నాడే లింగమూర్తి జనగామ వెళ్ళి గురువు ముందు కూర్చున్నాడు. గురువు నర్సింహయ్య ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. ఇప్పుడు అచల బోధ, అంటే కదలికలేని పరతత్వం గురించిన బోధ, చెబుతూ ఇంటి అరుగు మీదే శిష్యులతో మాట్లాడుతుంటాడు.

"అయ్యా, వాళ్ళకు ఎంత చేసిన! ఒక్కరన్న వేలు కదపరు. నేను లేకుంటే ఆ బిల్డింగు ఒక్క పూట నడవదు. ఆదివారం మీటింగుల రాజీనామా చేసి పడేస్త."

"ఆదివారమా? నేను గూడ వస్త బిడ్డా" అన్నాడు నర్సింహయ్య.

ఆదివారం పార్కింగులో కుర్చీలు వేశారు. గొడవ చూద్దామనో ఏమో, ఈసారి అందరూ దిగి వచ్చారు. నర్సింహయ్య శిష్యుడి పక్కన కూర్చుని, అతని మణికట్టు పట్టుకున్నాడు. ముసలితనం కదా, ఆసరా కోసం కాబోలు అనుకున్నాడు లింగమూర్తి.

ఆయన గొంతు సవరించుకునేలోపే పైన ట్యాంకు నిండి, గోడ వెంట నీళ్ళు ధారగా కారడం మొదలైంది. లింగమూర్తి లేవబోయాడు. గురువు చెయ్యి వదల్లేదు.

"అయ్యా, మోటరు..."

గురువు పట్టు ఇంకాస్త బిగించాడు.

అందరూ లింగమూర్తి వైపు చూశారు. ఆయన కదల్లేదు. నీళ్ళు పార్కింగులోకి వచ్చి చెప్పులు తడుపుతున్నాయి. చివరికి స్రవంతి లేచింది.

"అంకుల్, మోటరు స్విచ్చి ఎక్కడుంటది?"

నాలుగేళ్ళుగా ఈ అమ్మాయి ఇక్కడ ఉంటోంది. తానెన్నడూ చూపించలేదు. తాళంచెవుల గుత్తి జేబులోంచి తీసి ఇచ్చి, మెట్ల కింద గది వైపు వేలు చూపించాడు.

ఆమె ఒక స్విచ్చి నొక్కింది. మెట్ల మీది లైట్లు ఆరిపోయాయి. ఇంకోటి నొక్కింది. ఫ్యాన్లు ఆగాయి. "అది గాదు!" అని అరవబోయి, లింగమూర్తి పళ్ళు బిగబట్టాడు. చెయ్యి విడిపించుకోవాలన్న ఆరాటం భుజం దాకా లాగుతోంది. అయినా కూర్చున్నాడు. కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

మోటరు ఆగింది. నీళ్ళ చప్పుడు సన్నగిల్లింది. గురువు చెయ్యి వదిలేశాడు.

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. తెచ్చుకున్న కోపం మాటలేవీ గుర్తు రాలేదు.

"ఇయ్యాల కార్యదర్శిని ఎన్నుకోవాలె. కోశాధికారిని గూడ. ఎవరూ ముందుకు రాకుంటే వచ్చే ఆదివారం మళ్ళ కూసుందాం. ఆ పైవారం గూడ కూసుందాం. అధ్యక్షునిగ ఉండుమంటే ఉంట. తాళాలు మాత్రం ఇగ నా దగ్గర ఉండవు."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయన ఎవరినీ బతిమాలలేదు, గదమాయించలేదు. చూస్తూ నిలబడ్డాడు.

"కార్యదర్శిగ నేనుంట" అంది స్రవంతి. ఆమె భర్త ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. కాసేపటికి వెనక వరుసలోంచి బ్యాంకులో పనిచేసే ఫయాజ్, లెక్కలు తాను చూస్తానన్నాడు.

లింగమూర్తి తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నర్సింహయ్య వెనక్కి వాలాడు.

"జర చాయ్ దొరుకుతదా?" అని ఎవరినీ చూడకుండా అడిగాడు.

లింగమూర్తి గబుక్కున సగం లేచాడు. మళ్ళీ మెల్లగా కూర్చున్నాడు.