వామనమూర్తి వదిలేసిన పరీక్ష

ఒంగోలులోని ఒక రసాయన పరీక్షల ల్యాబులో వామనమూర్తి అనే ఉద్యోగి ఉండేవాడు. పనిలో దిట్టే కానీ, తొందర ఎక్కువ.

ఆ ల్యాబులో ఒక పెద్ద యంత్రం ఉండేది. అందులో నమూనా చుక్క వేస్తే అది ఆవిరై, సన్నటి పొడవాటి గొట్టంలో ఏ రసాయనానికి ఆ రసాయనం విడిపోయేది. తర్వాత వాటి అణువుల బరువును బట్టి అవేమిటో తెలిసేది. ఒక నమూనాకీ ఇంకో నమూనాకీ మధ్య, ఏమీ కలపని ద్రావణిని ఒకసారి నడిపి, పాతదాని జాడ లోపల మిగల్లేదని చూసుకోవాలి. దాన్ని బ్లాంక్ అనేవారు. అరగంట పట్టే ఆ పనిని వామనమూర్తి తరచూ ఎగ్గొట్టేవాడు.

ఒకరోజు పొలిమేరపాలెం బడి నుంచి పప్పు నమూనా వచ్చింది. మధ్యాహ్న భోజనం తిన్న పదకొండుమంది పిల్లలకు వాంతులయ్యాయట. తొందరగా తేల్చమని అధికారులు ఫోను మీద ఫోను చేస్తున్నారు. వామనమూర్తి అప్పుడే ఒక పురుగుమందు నమూనాను నడిపాడు. బ్లాంక్ వేయకుండా దాని వెనకే పప్పును ఎక్కించాడు. పప్పులో పురుగుమందు ఉందని తేలింది. సంతకం పెట్టి పంపేశాడు.

వంటచేసే ఆదెమ్మను పనిలోంచి తీసేశారు. ఊళ్లో ఆమెతో మాట్లాడేవాళ్లు కరువయ్యారు. వారం తిరక్కుండా ఆమె బస్సెక్కి ల్యాబుకు వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు.

“ఆ పప్పు పిల్లలకంటే ముందు నేనే తిన్నాను బాబూ, నాకేం కాలేదు. ఇప్పుడు వేరే ఆమె వండుతోంది. నిన్న మళ్లీ ముగ్గురు పిల్లలు మంచాన పడ్డారు. నా సంగతి తర్వాత, ముందు వాళ్ల సంగతి చూడు” అంది.

యంత్రం తప్పు చెప్పదని అనబోయి వామనమూర్తి ఆగిపోయాడు. ఆ రోజు నడిపిన నమూనాల వరుస తీసి చూశాడు. పురుగుమందు, దాని వెనకే పప్పు. మధ్యలో బ్లాంక్ లేదు.

ఆమెను కూర్చోమని, ఫ్రీజరులో దాచిన మిగతా పప్పు తీశాడు. నమూనా ఎక్కించే సూది మార్చాడు. నమూనా పడే గాజు గొట్టం మార్చాడు. తెరమీద గీత చదునుగా వచ్చేదాకా బ్లాంక్ నడిపాడు. ఆ తర్వాతే పప్పు ఎక్కించాడు. పురుగుమందు జాడే లేదు. ఇంకో రెండుసార్లు చేసినా అదే ఫలితం.

నమూనా పాడైందని రాసి కొత్త రిపోర్టు పంపితే అతని పేరు చెడదని పై అధికారి సునంద సలహా ఇచ్చింది.

“పాడైంది నమూనా కాదు మేడమ్, నా పని” అన్నాడు వామనమూర్తి. “తప్పు నాదని రాస్తేనే వాళ్లు పప్పును వదిలి అసలు కారణం వెతుకుతారు.”

అలాగే రాశాడు. వంటమనిషి మారినా పిల్లలు పడుతున్నారంటే తప్పు నీళ్లలో ఉండొచ్చని, వెంటనే బడికి ఫోను చేసి, తాగేనీళ్లు ఆపించి పరీక్ష చేయించమన్నాడు. మురుగు గొట్టం పగిలి నీళ్ల ట్యాంకులోకి కారుతోందని మర్నాడే బయటపడింది. పిల్లలు కోలుకున్నారు. ఆదెమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

వామనమూర్తికి రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. అతను దానికి ఎదురుచెప్పలేదు. పొలిమేరపాలెం వెళ్లి, తల్లిదండ్రులందరి ముందూ తన తప్పు చెప్పి ఆదెమ్మకు చేతులు జోడించాడు. ఆమె చివరిదాకా విని, వంటగదిలోకి వెళ్లి పిల్లలకు ఎసరు పెట్టింది.

తొందరలో మనం వదిలేసిన చిన్న జాగ్రత్త ఇంకొకరి మీద పెద్ద నిందై పడుతుంది. అలాంటి తప్పును దాచకుండా పదిమందిలో ఒప్పుకుని సరిదిద్దుకోవాలి.