చెడుగుడు జట్టూ, రాజుగారి పాయసమూ

ఒకానొక రాజ్యంలో, పేరు చిలకలవాడ అనుకోండి, ప్రతాపకేతుడని ఓ రాజుండేవాడు. ఆయనకి రెండు జబ్బులు. ఒకటి, తనకి తెలియనిదంటూ లేదనుకోవడం. రెండోది అనుమానం. మామూలు అనుమానం కాదండీ, అద్దంలో తన బొమ్మ తనకన్నా కాస్త ఆలస్యంగా నవ్విందేమో అని కూడా చూసుకునేవాడు.

ఆయన నోట్లోకి ముద్ద పోవాలంటే ముందు దానమ్మ అనే పెద్దావిడ రుచి చూడాలి. ఇరవై ఏళ్లుగా ఆమెదే ఆ పని. కాస్త నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, వంద లెక్కపెట్టి, "ఊఁ, కానీండి" అంటుంది. అప్పటిదాకా రాజుగారి చెయ్యి కదలదు.

సరే, అసలు సంగతికొస్తా. ఆ చుట్టుపక్కల ఏడు రాజ్యాలకీ ఏటా చెడుగుడు పోటీలు. చిలకలవాడ జట్టు మూడేళ్లుగా నాలుగో స్థానమో, ఐదో స్థానమో. గెలవదు, అలాగని అడుగుకీ పోదు. అక్కడో కట్టుబాటుంది. అందరికన్నా ఆఖరున వచ్చిన రాజ్యం, కొత్తగా తయారైన ఆటగాళ్లలో తనకి నచ్చినవాణ్ణి అందరికన్నా ముందు ఏరుకోవచ్చు.

మంత్రి సుమంతుడు ఆ కట్టుబాటు పట్టుకుని సభలో లేచాడు. "మహారాజా, పాత జట్టుని ఇంటికి పంపేద్దాం. పచ్చి కుర్రాళ్లని దింపి హాయిగా ఓడిపోదాం. ఏటా ఆఖరున వస్తే ఏటా మొదటి ఎంపిక మనదే. ఐదేళ్లు ఓపిక పడితే మనల్ని కొట్టేవాడుండడు!"

జట్టు నాయకుడు బంగారినాయుడు చేతులు జోడించాడు. ముప్పై ఆరేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ చెక్కుకుపోయి ఉన్నాయి. "పోటీలకి పదిహేను రోజులే ఉంది ప్రభూ. ఈ ఏడు ఆడనివ్వండి. గెలవడానికి ఆడతాం."

రాజు కళ్లు చిన్నవి చేశాడు. "ఎందుకయ్యా నీకంత ఆత్రం? పక్క రాజ్యం వాళ్లెవరైనా నీ చెవిలో ఏమన్నా ఊదారా?"

పాపం, ఆ మనిషి జోడించిన చేతులు దించేసి వెనక్కి జరిగాడు.

ఆస్థానంలో గవరయ్య అని ఓ మాటకారి ఉన్నాడు. ఆయనకీ అనుమానం వచ్చింది, కానీ బంగారినాయుడి మీద కాదు. ఐదేళ్లే ఎందుకు? రెండేళ్లెందుకు కాదు? ఒక్క క్షణం ఆలోచించి లేచాడు.

"ఎంత గొప్ప ఆలోచన మహారాజా! ఒక్క చెడుగుడుకేనా? కోటంతా ఇదే పద్ధతి పెట్టేయండి."

"నేనూ సరిగ్గా అదే అనబోతున్నా!" అని రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు భోజనానికి కూర్చున్నారు. మంత్రీ, గవరయ్యా, జట్టు సంగతి మళ్లీ అడుగుదామని వచ్చిన బంగారినాయుడూ ఎదురుగా నిలబడ్డారు. పక్కన దానమ్మ లేదు. కొండయ్య అని ఓ బండలాంటి మనిషి కూర్చున్నాడు. పాయసం గిన్నె ఎత్తి సగం తాగేసి, మీసం తుడుచుకున్నాడు.

"బెమ్మాండంగా ఉందండి బాబయ్యా!"

"ఒరేయ్, వంద లెక్కపెట్టవా?"

"నాకు ఇరవై దాకానే వచ్చండి. మిగతావి వచ్చే ఏడు నేర్పిస్తానన్నారండి."

రాజు విస్తరి వెనక్కి తోసేశాడు. "గవరయ్యా! ఎవడు వీడు?"

"కొత్త రక్తం మహారాజా. ప్రస్తుతానికి ఉప్పుకీ విషానికీ తేడా తెలీదు. ఐదేళ్లు ఓపిక పట్టండి, ఏడు రాజ్యాల్లో ఇలాంటి నాలిక ఉండదు."

"ఐదేళ్లదాకా నేనుండాలి కదయ్యా!"

"అదీ నిజమే. అయితే ఈలోగా మంత్రిగారు రుచి చూస్తారు లెండి. ఆలోచన ఆయనదే కదా!"

మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు... నాకు పథ్యం మహారాజా."

రాజు ఆయన వంక అదోలా చూశాడు. "నిన్న లేని పథ్యం ఇవాళెక్కణ్ణించి వచ్చింది?" ఇక ఆకలికి ఆగలేక అరిచాడు. "దానమ్మని పిలవండి! వీణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఆవిడే నేర్పుతుంది. అప్పటిదాకా రుచి చూసేది ఆవిడే!"

"చిత్తం. మరి చెడుగుడు జట్టు?" అన్నాడు గవరయ్య. "కుర్రాళ్లకి దమ్ముంది గానీ, కూతకెళ్లినవాడు ఎప్పుడు గీత దాటి వెనక్కి రావాలో బంగారినాయుడి పక్కన ఆడితేనే తెలుస్తుంది. ఇంకో మాట. మంత్రిగారికి రెండేళ్లలో డెబ్బై నిండుతాయి, పదవి దిగిపోతారు. ఐదో ఏట కూడా ఓడిపోతే తమరు ఎవరిని నిలదీస్తారు?"

రాజు మంత్రిని చూశాడు, సగం ఖాళీ అయిన గిన్నెని చూశాడు, కొండయ్య మీసానికంటిన పాయసం చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాకన్నా అనుమానం మనిషివయ్యా నువ్వు! బంగారినాయుడూ, పాతవాళ్లు నలుగురు, కొత్తవాళ్లు ముగ్గురు. గెలవడానికే ఆడండి. మంత్రీ, నీ చేత్తోనే గవరయ్యకి బహుమానం ఇవ్వు."

మంత్రి పళ్లు కొరుక్కుంటూ వెండి పళ్లెం నిండా లడ్డూలు తెచ్చి చేతికిచ్చాడు. గవరయ్య పళ్లెం చూశాడు, మంత్రి మొహం చూశాడు, లడ్డూ ఒకటి తీసి వాసన చూశాడు.

"దానమ్మత్తా, ఓసారి ఇలా రా."

రాజు నవ్వు మళ్లీ మొదలై, ఆవిడ వంద లెక్కపెట్టేదాకా ఆగలేదు.

"ఊఁ, కానీండి" అంది దానమ్మ.